గొంతు బాగున్న రోజులు

ఫిబ్రవరి 9

పదకొండు గంటల షోలో కృత్తికల దగ్గర గొంతు పట్టేసింది. బయట ఎండ మండిపోతోంది, లోపల మేం దించిన రాత్రి. నక్షత్రశాలలో ఇన్నేళ్లుగా నా ఉద్యోగం అదే, పట్టపగలు చీకట్లో కూర్చుని ఆకాశం గురించి చెప్పడం. "అదుగో, ఆ చిన్న గుంపు చూడండి" అనబోయాను. "అదు" వచ్చింది, "గో" రాలేదు. లోపలెవరో గొంతును పిడికిట పట్టి, వదిలి, మళ్లీ పట్టినట్టయింది. నేను కావాలనే ఆగాననుకుని జనం పైకి చూస్తూ ఉండిపోయారు. యంత్రం తిప్పే సూర్యుడు మాత్రం చటుక్కున నా వైపు తిరిగాడు. రోజుకు ఎన్నోసార్లు పొద్దు గుంకించే మనిషి కాబట్టి అతనికి ఆ పేరు నేనే పెట్టాను.

ఏసీ దుమ్ము. ఇంకేం కాదు.

ఫిబ్రవరి 10

జలుబే.

ఫిబ్రవరి 18

జలుబైతే ముక్కు కారాలి కదా అంటుంది వదిన. మా ఆయన అక్క ఆవిడ. పక్క వాటాలో ఉంటుంది, వీధి మలుపులో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఏ రోగానికైనా ముందు ముఖం చూసి మాట్లాడుతుంది. వేడినీళ్లలో తేనె కలిపి తెచ్చి, తాగేదాకా నిలబడింది.

విచిత్రమేమిటంటే నవ్వితే గొంతు బాగానే వస్తోంది. గుసగుసలాడినా వస్తోంది. మామూలుగా మాట్లాడబోతేనే ముక్కలవుతోంది. ఫోన్లో అయితే మరీ ఘోరం. ఇవాళ మంచినీళ్ల డబ్బా తెమ్మని ఫోన్ చేస్తే, అవతలాయన "ఎందుకమ్మా ఏడుస్తున్నారు? ఏమైంది?" అని కంగారుపడ్డాడు. నేనేం ఏడవలేదు. ఫోన్ పెట్టాక ఏడ్చాను.

"నవ్వేమో గంట మోగినట్టుంది, మాటేమో తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంది. ఇకనుంచి నవ్వుతూ మాట్లాడు, పీడా పోతుంది" అంది వదిన.

షోలకు సెలవు పెట్టాను. వారంలో సర్దుకుంటుంది.

ఫిబ్రవరి 26

సర్దుకునేది కాదట.

గొంతు డాక్టరమ్మ ముక్కులోంచి సన్నని గొట్టం దింపి, తెర మీద నా గొంతు నాకే చూపించింది. తెల్లటి రెండు తీగలు. ఇన్నేళ్లూ వీటి మీద బతికానన్నమాట, ఒక్కసారీ ముఖాలు చూసుకోలేదు. "ఆ అనండి" అంది. అనగానే అవి రెండూ పళ్లు బిగించినట్టు బిగుసుకుపోయాయి.

"తీగలకేం లేదమ్మా. పైనుంచి మెదడే తప్పుడు కబురు పంపుతోంది, బిగించు, బిగించు అని."

"ఎప్పటికి... తగ్గు... తుంది?"

"తగ్గదు. ఆ బిగువు సడలించడానికి సూది ఉంది. వేశాక కొన్నాళ్లు గొంతు గాలిలా అయిపోతుంది. తర్వాత ఓ మూడు నెలలు, కాస్త అటూ ఇటూగా, చక్కగా వస్తుంది. మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ సూది."

ఏం మందో చెప్పింది. ముఖం మీద ముడతలకు వేసేదేనట. నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో నా నోటి నుంచి బాగా వచ్చింది ఆ నవ్వొక్కటే.

"మందు పెట్టె మీద రాసిన జబ్బుల్లో మీది ఉండదు. రాయించాలంటే మందుల కంపెనీ ఏళ్ల తరబడి పరీక్షలు చేయాలి. మీలాంటివాళ్లు ఉన్నదే గుప్పెడు మంది, వాళ్లకేం గిట్టుబాటు? అయినా గొంతు డాక్టర్లందరం ఎప్పటినుంచో దీన్నే ఇస్తున్నాం. తప్పేం లేదు. తంటా అంతా ఇన్సూరెన్సు వాళ్లతోనే."

ఇంటికొచ్చి చెబితే వదిన కళ్లు మెరిశాయి. "ఏమైనా మిగిలితే సీసాతో పట్రా, నా నుదురు చూశావుగా ఎలా ఉందో."

మార్చి 3

ఇన్సూరెన్సు వాళ్లు కుదరదన్నారు. "అందం కోసం చేయించుకునే చికిత్సలకు ఈ పాలసీ వర్తించదు." అందం! పెళ్లిలో తప్ప ముఖానికి పౌడరు రాసి ఎరగను. నేను పనిచేసేది చీకట్లో.

ఏడాదికి నాలుగుసార్లు, బతికినంత కాలం. సొంతంగా భరించడం మావల్ల కాదని మా ఆయన నోటితో అనలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి, మొదటే మాటలు తక్కువ. పళ్లెంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. పాలసీ ఉన్నది నా ఉద్యోగం మీద. గొంతు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే పాలసీ పోతుంది, పాలసీ లేకపోతే గొంతు రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డాక్టరమ్మ మొదటి సూది ఆస్పత్రి సహాయనిధి నుంచి ఇప్పిస్తానంది. "ఈ ఒక్కసారికే. తర్వాతది మీరు పోట్లాడి తెచ్చుకోవాలి."

మార్చి 5

మెడలోకి సూది. నొప్పి తక్కువే. సూదికి వైరుతో కలిపిన పెట్టెలోంచి నా కండరం చప్పుడు వినిపించింది, రేకుల మీద వాన పడుతున్నట్టు. అది వింటూ నిద్రపోయేదాన్నే.

మార్చి 9

గొంతు గాలైపోయింది. మాటలకు బరువు లేదు.

నేను గుసగుసగా మాట్లాడితే ఎదుటివాళ్లూ గుసగుసగానే జవాబిస్తున్నారు. ఎవరూ కావాలని చేయడం లేదు. పళ్లకొట్టు ఆవిడ అరటిపళ్ల ధర నా చెవిలో రహస్యంలా చెప్పింది. నేనూ రహస్యంలాగే బేరమాడాను. మా ఆయన పడుకునే ముందు "తలుపు వేశావా?" అని గుసగుసగా అడిగాడు, పెళ్లయిన కొత్తలో వాళ్లమ్మ పక్కగదిలో ఉన్నప్పుడు అడిగినట్టు. ఇద్దరం నవ్వుకున్నాం, అదీ చప్పుడు లేకుండా.

మార్చి 13

ఇల్లంతా నీళ్ల అడుగున ఉన్నట్టుంది. వదిన కూడా గుసగుసలాడుతోందంటే ఇక చెప్పేదేముంది. పార్లర్‌కు వచ్చినవాళ్లు ఈమెకేమైందని భయపడ్డారట.

మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో మా నక్షత్రశాల గోపురం కింద కూర్చుని మాట్లాడుతున్నాను. నేనన్న ప్రతి మాటా పైకి పోయి ఒక చుక్కై అతుక్కుంటోంది. ఒక మాటకు చోటు దొరకలేదు. అది నా తల చుట్టూ తిరుగుతూ ఉంది. ఏ మాటో లేచాక గుర్తులేదు. ఈ రోజులు ఇలాగే ఉండిపోయినా బాగుండునేమో అనిపించింది. ఒక్క క్షణమే.

మార్చి 24

వచ్చింది!

పొద్దున పాలగిన్నె పొంగుతుంటే "అయ్యో" అన్నాను, మొత్తం "అయ్యో" అంతా ఒక్క ముక్కలో వచ్చింది. పాలు స్టవ్వు మీద పారుతుంటే అలాగే నిలబడి మళ్లీ అన్నాను. మళ్లీ అన్నాను. మా ఆయన బనీనుతో పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది?" అని గుసగుసగా అడిగాడు పాపం, అలవాటైపోయి.

ఏప్రిల్ 7

ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. సూర్యుడు నా ఊపిరిని బట్టి యంత్రం తిప్పుతాడు. నేను కాస్త ఆగి గాలి పీల్చుకుంటే చాలు, పొద్దు వాలుతుంది. షో అయ్యాక దీపాలు వెలిగినా జనం చాలాసేపు లేవలేదు. కళ్లు నులుముకుంటూ, ఏ ఊళ్లో ఉన్నారో మరిచిపోయినట్టు కూర్చున్నారు.

"ఇవాళ నేను కూడా ఎటో వెళ్లిపోయాను మేడమ్, తెల్లవారేసరికి కాస్త ఆలస్యమైంది" అన్నాడు సూర్యుడు.

ఏప్రిల్ 16

ఇన్సూరెన్సు మీద డాక్టరమ్మ పెట్టించిన అప్పీలుకు తేదీ వచ్చింది. కమిటీ ముందు నేనే వెళ్లి మాట్లాడాలి. జూన్ మూడోవారం.

జూన్! అప్పటికి సూది పనితనం అయిపోతుంది. మాట ముక్కలవుతుంటే ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబడి నా బాధ నేనేం చెప్పుకోను? వాళ్లకేం అర్థమవుతుంది? వెంటనే ఫోన్ చేశాను. గుమాస్తా ఎంత మర్యాదస్తుడో! "మీ గొంతు వింటుంటే కాదనబుద్ధి కావట్లేదమ్మా" అని మే మొదటివారానికి జరిపాడు.

డాక్టరమ్మకు చెప్పలేదు. ఇంత చిన్న విషయానికి ఆవిణ్ణెందుకు ఇబ్బంది పెట్టడం?

ఏప్రిల్ 21

మేనేజరు పిలిచాడు. "గొంతు బాగుంది కదా, ఇప్పుడే షో మొత్తం రికార్డు చేసేద్దాం. ముందుజాగ్రత్త, అంతే." ముందుజాగ్రత్త ఎవరికో తెలియనంత అమాయకురాలిని కాను. రికార్డు చేతికొచ్చాక ఇక నేనెందుకు? చూద్దాం లెండి అని వచ్చేశాను.

"రికార్డుకు ఊపిరుండదు మేడమ్. నేను పొద్దెప్పుడు గుంకించాలి?" అన్నాడు సూర్యుడు. అతని బాధ అతనిది.

మే 6

గెలిచాను. ఇంకా కాగితం రాలేదు కానీ గెలిచాను.

పొడుగాటి బల్ల, ముగ్గురు. వాళ్ల వెనక గోడకు చిరునవ్వులు నవ్వుతున్న కుటుంబాల ఫోటోలు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని వదిన పొద్దున్నే చెప్పి పంపింది, తనే జుట్టు దువ్వి. లేచి నిలబడి మొదలుపెట్టాను. కృత్తికల దగ్గర గొంతు ఎలా పట్టేసిందో, ఇంట్లో అందరూ ఎలా గుసగుసలాడారో, అంతా చెప్పాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను. ఎక్కడ గొంతు దించాలో అక్కడ దించాను. చివరున్నావిడ పెన్ను కింద పెట్టేసింది. పెద్దాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మా గోపురం కింద జనం కూర్చున్నట్టే కూర్చున్నాడు.

చివర్లో ఆయన అన్నాడు, "ఇంత చక్కటి గొంతు విని ఎన్నాళ్లయిందమ్మా! వింటూనే ఉండాలనిపించింది."

ఇంటిదాకా నడిచే వచ్చాను. కాళ్లు నేల మీద ఆనలేదు.

మే 21

"అభ్యర్థి గొంతు అన్ని విధాలా సక్రమంగా ఉన్నట్టు కమిటీ స్వయంగా విన్నది. కావున తదుపరి చికిత్స అవసరం ఉన్నట్టు కనిపించదు."

స్వయంగా విన్నది.

మే 22

డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత అంది, "తేదీ మీరే ముందుకు జరిపించుకున్నారా? కొరివితో తల గోక్కున్నారు కదమ్మా. వాళ్లు చూడాల్సింది మీ జబ్బును. మీరు నా మందును చూపించి వచ్చారు."

పాడైన గొంతుతో ఎవరి ముందూ నిలబడలేక చేశాను. సిగ్గుపడి చేశాను. బాగా చెబితే ఇస్తారనుకున్నాను. ఇన్నేళ్లూ నాకు ఏది దొరికినా బాగా చెప్పడం వల్లే దొరికింది.

ఇంకొక్క అవకాశం ఉంది. ఇన్సూరెన్సు కంపెనీకి సంబంధంలేని బయటి డాక్టరు ఒకరు వింటారు. ఆయన మాటే ఆఖరు.

మే 30

కమిటీ చెప్పిందే నిజమేమో. తగ్గిపోయిందేమో. డాక్టర్లకు అన్నీ తెలుసా ఏమిటి? ఇవాళ నాలుగు షోలూ చెప్పాను, ఒక్క చోట కూడా పట్టలేదు.

జూన్ 7

ఏసీ దుమ్ము.

జూన్ 15

దుమ్ము కాదు. నాకు తెలుసు. ఆ రోజూ తెలుసు, ఫిబ్రవరిలోనూ తెలుసు.

మళ్లీ సెలవు. నెలాఖరులోగా తేలకపోతే బయటి గొంతుతో రికార్డు చేయిస్తానన్నాడు మేనేజరు. అప్పుడు నా గొంతున్నప్పుడు రికార్డు చేసి ఉంటే బాగుండేదని దెప్పాడు కూడా. గోరుచుట్టు మీద రోకటిపోటు.

జూన్ 23

వదినకో ఉపాయం తట్టింది. "ఆ బయటి డాక్టరు ముందు నీ బదులు నేను మాట్లాడతా. నాకు నోటికేం లోటు?"

"వ... ద్దు, వది... నా."

"ఏం, నేను సరిగ్గా చెప్పలేననా? నీ మాట నాకు అర్థమైనంతగా ఎవరికి అర్థమవుతోంది ఇప్పుడు?"

అది నిజమే. నేను సగం అనేసరికి మిగతా సగం తనే అంటోంది. ఒక్కోసారి నేననబోయింది కాకుండా ఇంకోటి అంటోంది, నేను ఊరుకుంటున్నాను. కూర బాగుందా అని మా ఆయన అడిగితే నా బదులు "ఉప్పెక్కువ" అంది. ఉప్పు సరిగ్గానే ఉంది. మెల్లగా నేను మాట్లాడాల్సిన పనే లేకుండా పోతోంది. ఆవిడ ప్రేమతోనే చేస్తోంది. అందుకే భయమేస్తోంది.

జూన్ 28

అద్దం ముందు ఒక కిటుకు పట్టుకున్నాను. మాటను కొంచెం పాటలా సాగదీసి, చివర చిన్న నవ్వు కలిపితే పట్టు లేకుండా వచ్చేస్తోంది. ఒకట్రెండు వాక్యాలు అచ్చం పాత గొంతే! రేపు ఆ బయటి డాక్టరు ముందు కనీసం మొదటి వాక్యం ఇలా అనొచ్చు. ఒక్క వాక్యమే. నేనెవరో తెలియడానికి.

డాక్టరమ్మ ఫోన్ చేసింది. నేను ఏమీ చెప్పకుండానే, "దయచేసి రేపు అందంగా మాట్లాడకండి" అంది.

జూన్ 29

చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాను. ఆయన వయసు మళ్లిన డాక్టరు, నెమ్మదైన మనిషి. ఫ్యాను ఆపేసి, "చెప్పండమ్మా" అన్నాడు. వదిన బయట బల్ల మీద కూర్చుంది, తలుపు సందులోంచి ఆవిడ చెప్పులు కనబడుతున్నాయి.

పాటలా మొదలుపెట్టబోయాను. నోరు తెరిచాను. ఆ కిటుకు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మామూలుగా అన్నాను. "నే... ను... నక్ష... త్ర..." అక్కడే పట్టుకుంది. విడిపించుకుని "శాలలో" అన్నాను. చెమటలు పట్టాయి. ముఖం ఎలా వంకరపోతోందో నాకు తెలుస్తోంది. ఒక్కో మాటనూ ముళ్లకంపలోంచి కొంగు లాక్కున్నట్టు లాక్కున్నాను. ఆయన కళ్లు తిప్పుకోలేదు. కాసేపటికి ఆయన ముఖంలో జాలి కనిపించింది. చెయ్యెత్తాడు.

"చాలమ్మా. నాకు అర్థమైంది. ఇక శ్రమపడకండి."

అక్కడితో ఆగిపోవచ్చు. పని అయిపోయింది. కానీ నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. బాగున్న గొంతునైతే వింటూనే ఉండాలనిపించింది వాళ్లకి, దీన్ని మాత్రం నాలుగు మాటలకే చాలంటారా?

"ఇం... కా ఉంది. విన... ండి" అన్నాను.

ఆయన చెయ్యి దించి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. విన్నాడు. చీకట్లో వేలు పెట్టి చూపిస్తే ఎవరికీ కనబడదని, అక్కడ గొంతే వేలు అని, నా గొంతు పట్టుకుని జనం ఆకాశంలో నడుస్తారని చెప్పాను. ఇంట్లో నా మాటలు ఇంకొకరు పూర్తి చేస్తున్నారని కూడా చెప్పాను. మామూలుగా అయితే మూడు నిమిషాల మాట. ఎంతసేపు పట్టిందో తెలియదు, కిటికీలోని ఎండ బల్ల మీంచి గోడ మీదికి పోయింది.

బయటికొచ్చేసరికి వదిన కళ్లు తుడుచుకుంటోంది. తలుపు సందులోంచి అంతా విందట. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి దగ్గర నేను "తా... ళం" అంటూ ఆగిపోతే, పూర్తి చేయకుండా, పెదవులు బిగించుకుని నిలబడింది. "చెవి" అని నేనే అన్నాను.

జులై 11

ఇచ్చారు.

ఒక షరతుతో. ప్రతిసారీ గొంతు మళ్లీ పాడైందని రుజువు కావాలి. చెడిపోయాక నా గొంతు వాళ్లకు వినిపించాలి, వాళ్లు విని సరేననాలి, అప్పుడు సూది. అంటే చెడకముందే వేయించుకోవడమనేది ఎన్నటికీ లేదు. ఏడాదికి నాలుగుసార్లు గొంతు పోగొట్టుకుని తీరాలి, పోయిందని నలుగురికీ వినిపించాలి.

"పోనీలే, ఆకాశంలో చంద్రుడు మాత్రం నెలకోసారి పోవట్లేదా?" అన్నాడు మా ఆయన. ఈ ఏడాదికి సరిపడా మాట్లాడేశాడు.

జులై 19

సూది. మళ్లీ గాలి గొంతు.

ఆగస్టు 12

మళ్లీ గోపురం కింద. గొంతు బాగుంది. గొంతు చెడే రోజుల్లో సెలవు పెట్టుకోమని, ఆ రోజులకు మాత్రం రికార్డు వేస్తానని మేనేజరు ఒప్పందం. ఎవరిదో రికార్డు తెప్పించి ఉంచాడు. విన్నాను. బాగానే ఉంది. ఎక్కడా తడబాటు లేదు.

అక్టోబర్ 24

పదకొండు గంటల షో. పాలపుంత చెబుతున్నాను. "ఆ మసక వెలుతురంతా" అనే దగ్గర పట్టుకుంది.

చీకట్లో సూర్యుడి చెయ్యి రికార్డు మీట మీదికి పోవడం గమనించాను. వద్దని అతని భుజం మీద తట్టాను. ఇక మిగిలింది నేనూ, గోపురం నిండా జనమూ. ఎవరూ కదలడం లేదు. సిగ్గు వేసింది, బాగా సిగ్గు వేసింది. అయినా అన్నాను.

"నా గొంతు... కొన్నాళ్లు... ఇలాగే... ఉంటుంది. కాస్త... ఆగండి. మాట... వస్తుంది."

ఎక్కడో ఒక దగ్గు. తర్వాత అదీ లేదు. అందరూ ఆగారు. పైన సూర్యుడు ఆకాశాన్ని కదలకుండా నిలబెట్టి ఉంచాడు. నా ఒక్క మాట కోసం అంతమంది తలలెత్తుకుని అలా ఆగడం నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు, గొంతు బాగున్న రోజుల్లో కూడా. తొందరపడలేదు. గాలి పీల్చుకుని, వదిలి, మళ్లీ పీల్చుకున్నాను.

వచ్చింది. "నక్షత్రాలే" అన్నాను.

రేపు పొద్దున్నే ఇన్సూరెన్సు ఆఫీసుకు ఫోన్ చేసి వినిపించాలి.